దుబాసీ నక్కకు రెండు మోపులు

ఏరు మలుపు తిరిగేచోట, మెట్ట మీద, జంతువుల బెల్లం గానుగ ఒకటి ఉండేది. పెత్తనమంతా గేదె చిట్టెమ్మది. పెనం దగ్గర నిలబడి పాకం చూసే పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు. గానుగ తిప్పేది ఎద్దు భద్రయ్య. నెమ్మదస్తుడు, ఎవరేం చెప్పినా రెండుసార్లు నెమరేసుకుని గాని నమ్మడు. కోతులు తోటలో చెరకు కొట్టి మోపులు కట్టేవి. నక్క కొండలరావు మాత్రం ఏ పనీ చేసేవాడు కాదు. అందరి పనీ ఎలా జరుగుతోందో చూడ్డమే తన పని అనేవాడు. ఇలాంటివాళ్ళు లేని పనిచోటు నేనింతవరకు చూడలేదు.

ఆ ఏడు చెరకు విరగపండింది. మోపులు చేరవేయడానికి ఎక్కడో ఇసుక దేశం నుంచి వచ్చిన రతన్ అనే ఒంటెను పెట్టుకున్నారు. కాలు బెణికిందని అతని గుంపువాళ్ళు దారిలో వదిలేసి పోయారు. కాలు బాగయ్యేసరికి గుంపు ఆచూకీ లేదు. ఈ పని తప్ప అతనికి మరో ఆధారం లేదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

మొదటిరోజే పేచీ వచ్చింది. కోతులు మోపులు తెచ్చేసరికి ఒంటె నాలుగు కాళ్ళూ ముడుచుకుని నేల మీద కూర్చున్నాడు. పనివేళ ఎద్దు కూలబడిందంటే మొండికేసిందనే ఇక్కడ లెక్క. కోతులు అదిలించాయి, తోక లాగాయి. ఒంటె ఏదో అన్నాడు గాని కదల్లేదు. అప్పుడు నక్క ముందుకొచ్చి, మూడు జిల్లాలు తిరిగినవాణ్ణి, ఆ భాష నాకు వచ్చన్నాడు. నిజంగానే కొంచెం వచ్చు. ఒంటె చెవిలో ఏదో మాట్లాడి, వెనక్కి తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"రెండు మోపులు మామూలు ఇస్తేగాని లేవడట. వాళ్ళ దేశంలో అదే పద్ధతిట."

రెండు మోపులు తీసి పక్కన పెట్టారు. నక్క తల ఊపాక కోతులు బరువెక్కించాయి, ఒంటె లేచాడు. వేళ్ళున్నాయి గనక కోతులు ముక్కున వేలేసుకున్నాయి.

ఆ మోపులు ఒంటె ఎప్పుడు తిన్నాడని ఎవరైనా అడిగితే, పాపం అతనికి నలుగురిలో తినాలంటే సిగ్గనీ, చాటున తానే తినిపిస్తున్నాననీ నక్క చెప్పేవాడు. ఒంటెకు చెప్పింది ఇంకోటి. ఇక్కడివాళ్ళు కొత్తవాడు తమ మొహం వంక చూస్తే ఓర్చుకోరని, ఏమున్నా తనతోనే చెప్పుకోవాలని. దాంతో ఒంటె ఎవరు ఎదురైనా మెడ పక్కకు తిప్పేసుకునేవాడు. వీడి పొగరు చూశారా అని కోతులు గొణుక్కునేవి. ఒంటె గంటసేపు గోడు చెప్పుకుంటే నక్క 'ఆకలట' అని ముగించేవాడు. ఒక్క 'ఊ' అంటే దానికి అరపూట అర్థం చెప్పేవాడు.

పది రోజులకు నక్క నున్నగా తయారయ్యాడు. గానుగ పని మాత్రం కుంటుపడింది. బేరం తెగేదాకా కొట్టిన చెరకు ఎండలో పడి ఉండేది. ఒక పూట రసం చాలక పాకం మాడింది. చిట్టెమ్మకు ఒళ్ళు మండి, ఆదివారం దాకా చూసి ఆ ఒంటెను పంపించేస్తానంది. ఇంకో ఒంటె వచ్చినా దానికీ దుబాసీ కావాలి గదా అని నక్క ధీమాగా ఉన్నాడు. ఒంటెకు ఈ కబురు చెప్పేవాళ్ళే లేరు. అది తలుచుకుంటే భద్రయ్యకు మేత సయించలేదు.

గురువారం పొద్దున చెరకు రాక గానుగ ఆగిపోయింది. ఏమైందో చూద్దామని భద్రయ్య తోటకు వెళ్ళాడు. నక్క రాలేదు. ముందురోజు మామూలు మొత్తం నమిలేసి, కడుపు ఉబ్బి పొదలో పడుకున్నాడు. ఒంటె కూర్చుని ఉన్నాడు, కోతులు దుబాసీ కోసం కాచుకుని ఉన్నాయి. భుజం మీద మోపుతో ఎంతసేపని నిలబడతాయి? ఒక కోతి విసుగెత్తి తన మోపు తీసి ఒంటె వీపు మీద పడేసింది. ఒంటె కాస్త సర్దుకున్నాడు. రెండో కోతి కూడా పడేసింది. పన్నెండో మోపు ఎక్కాక ఒంటె తనంతట తానే లేచి గానుగ వైపు నడిచాడు. మామూలు లేదు, బేరం లేదు.

భద్రయ్య ఆలోచనలో పడ్డాడు. తాను కూలబడితే పని చెయ్యనని అర్థం. ఇతను కూర్చుంటే ఎక్కించండి అని అర్థం. అంత పొడుగువాడు కూర్చోకపోతే కోతులకు వీపు అందేదెలా? ఇన్నాళ్ళూ పనికి సిద్ధపడి కూర్చున్నవాణ్ణి పొగరుబోతని అనుకున్నందుకు అతనికి సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం ఒక తుమ్మకొమ్మ విరిచి, నోట కరుచుకుని వెళ్ళి ఒంటె ముందు పెట్టి కూర్చున్నాడు. ఒంటె అలవాటుగా మెడ తిప్పాడు. భద్రయ్య లేవలేదు. చాలాసేపటికి ఒంటె ఇటు తిరిగాడు. ఎద్దు చెరకు చూపించి దాని పేరు చెప్పాడు. ఒంటె తన దేశంలో దాన్నేమంటారో చెప్పాడు. ఎద్దు ఆ మాట పలికిన తీరుకు ఒంటె ఇక్కడికి వచ్చాక మొదటిసారి నవ్వాడు. మూడు రోజుల్లో ఇద్దరికీ పాతిక మాటలు కుదిరాయి. తప్పో ఒప్పో, పనికి సరిపోయాయి. మామూలు సంగతి, ఆదివారం సంగతి ఒంటెకు వాటితోనే తెలిశాయి; అతను మోపు అడగనేలేదని భద్రయ్యకూ తెలిసింది. తాను వెళ్ళి చిట్టెమ్మకు చెబితే నక్క మాటలతో తిప్పేస్తాడని, ఒంటె నోటితోనే చెప్పించాలనుకున్నాడు భద్రయ్య. అందాకా కోతుల నోరు కట్టడానికే అతనికి ఎక్కువ శ్రమ పట్టింది.

ఆదివారం అందరూ పెనం దగ్గర చేరారు. మామూలు లేకుండా పని చేస్తాడో, వెళ్ళిపోతాడో చివరిసారి అడగమని చిట్టెమ్మ నక్కకు చెప్పింది. నక్క ఒంటె చెవిలో ఏదో గొణిగాడు. ఒంటె ఒక్క మాట అన్నాడు.

"ఇకనుంచి మూడు మోపులు కావాలిట దొడ్డమ్మా," అని నిట్టూర్చాడు నక్క. "నేనూ ఎంతో చెప్పి చూశాను. వింటేగా."

చిట్టెమ్మ నోరు తెరిచేలోగా ఒంటె మెడ తిప్పి నేరుగా ఆమె మొహంలోకి చూశాడు.

"దొడ్డమ్మా, నేను మోపు అడగలేదు. నేను మోపు తినలేదు. నేను కూచుంటే మీరు ఎక్కించు. నేను మోస్తా."

మాటలు వంకరగా ఉన్నా అర్థం తిన్నగానే ఉంది. నక్క అడ్డొచ్చి, పాపం వీడికి తెలుగు సరిగ్గా రాదు, అసలు అర్థం వేరే అనబోయాడు.

"ఆ అసలు అర్థమేదో చూద్దాం బావా," అన్నాడు భద్రయ్య.

ఒంటె కూర్చున్నాడు. కోతులు పన్నెండు మోపులు ఎక్కించాయి. ఒంటె లేచి నిలబడ్డాడు.

చిట్టెమ్మ తప్పు ఒప్పుకుంది. ఎదురుగా నువ్వుండగా నిన్ను వదిలేసి పక్కవాణ్ణి అడిగానని ఒంటెతో అంది. అతనికి సగమే అర్థమైంది. ఆ సగానికే కళ్ళు చెమర్చాయి. తర్వాత ఆమె నక్క వైపు తిరిగి, ఈ పూట నుంచి నువ్వూ చెరకు మోస్తావని తీర్పు చెప్పింది. కోతులు సంబరంగా ఒక మోపు తెచ్చి అతని వీపున పెట్టాయి. నక్క కాళ్ళు బార్లా జాపి చతికిలబడి కుయ్యోమన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగింది చిట్టెమ్మ.

ఒంటె వంగి, చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నాడు.

"ఇంకా రెండు మోపులు కావాలిట," అన్నాడు.

తోటి పనివాడి మాట తెలియకపోతే అతని పక్కన కూర్చుని నాలుగు ముక్కలు నేర్చుకోవాలి గాని, అతని నోరు తీసుకెళ్ళి ఇంకొకడి చేతిలో పెట్టకూడదు.