తీగ చుట్టిన స్టడ్డు

పోలేరయ్య చేతిలో పని చెడింది. చెడిందని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు మీరాసా మేస్త్రిది. పోలేరయ్య ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. సొంత షెడ్డు పెట్టుకోవాలని అతని కోరిక. సింగన్న పడవ ఇంజన్ విప్పేసరికి, ఇంజన్ పైమూత లాంటి హెడ్డును బిగించి ఉంచే స్టడ్లు తుప్పు పట్టి, మరలు అరిగి ఉన్నాయి. మేస్త్రి వాటిని మార్చే పని పోలేరయ్యకు అప్పగించాడు. ఒంటరిగా చేసి చూపిస్తే, సొంత షెడ్డు తానే దగ్గరుండి తెరిపిస్తానన్నాడు.

పాత స్టడ్లు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. చివరిది మొండికేసింది. నూనె పోసి, వేడిచేసి, ఓపిక పట్టి తీయవలసినది. పోలేరయ్య పానాకు పొడుగు పైపు తగిలించి బలం కొద్దీ తిప్పాడు. స్టడ్డు వచ్చింది. దానితోపాటు అది దిగి ఉన్న ఇంజన్ బ్లాకులోని మరలు కూడా తెగి వచ్చాయి.

ఇక ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్తగా మర కోసి, లావు స్టడ్డు వేయాలి. అతనికి ఆ పని వచ్చు. కాని మర కోసే పెద్ద ట్యాప్ మేస్త్రి పెట్టెలో ఉంది. అడిగితే ఎందుకంటాడు.

పోలేరయ్య కొత్త స్టడ్డుకు సన్నని రాగి తీగ చుట్టి అదే రంధ్రంలోకి ఎక్కించాడు. నట్టు బిగిసింది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు అది బిగిసే ఉంటుంది. వేడెక్కి, నడిసముద్రంలో హెడ్డు లేచి, నీళ్ళు లోపలికి దిగితే ఇక ఇంజన్ కదలదు. పోయిన వానాకాలం అలా ఆగిపోయిన పడవ ఒకటి నేటికీ రాలేదు. అందులో వెళ్ళినవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు రోజూ షెడ్డు ముందు నుంచే చేపల బజారుకు వెళ్తారు.

ఊడదీసిన స్టడ్లు రేకు పళ్ళెంలో పడి ఉన్నాయి. చివరిదాని మరల నిండా బ్లాకు ఇనుము పట్టుకుని ఉంది. మేస్త్రి దాన్ని తీసి చూసి, అక్కడే పెట్టాడు. అన్నీ నిలుస్తాయా అని అడిగాడు. నిలుస్తాయన్నాడు పోలేరయ్య.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. పని చేసినవాడు పడవవాళ్ళ ఎదుట ఇంజన్ మీద చెయ్యి పెట్టి, ఇది నా చేతి పని అని చెప్పాలి. ఆ మాట విన్నాకే వాళ్ళు పడవ ఎక్కుతారు. పోలేరయ్య చెయ్యి పెట్టాడు. మాట చెప్పాడు.

"సొంత షెడ్డు పెట్టాక మమ్మల్ని చూసి మొహం తిప్పుకోకురోయ్" అన్నాడు సింగన్న నవ్వుతూ. అతనూ, అతని తమ్ముడూ, ఇద్దరు కళాసులూ వలలు భుజాన వేసుకుని ఎక్కారు.

పోలేరయ్య గట్టున నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడు మేస్త్రి చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టుకుని పడవ వైపు నడిచాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయన సముద్రం మీదికి వెళ్ళడం మాని ఏళ్ళయింది. ఇదేమిటని సింగన్న అడిగితే, లోతు నీళ్ళలో ఇంజన్ చప్పుడు వినాలని ఉందన్నాడు. చెయ్యి అందించి ఎక్కించారు. ఇంజన్ పక్కనే కూర్చున్నాడు. గట్టు వైపు చూడలేదు.

ఇంజన్ అందుకుంది. పడవ కదిలింది.

పోలేరయ్య నీళ్ళలోకి పరుగెత్తాడు. నడుము లోతులో పడవ అంచు పట్టుకున్నాడు.

"దిగండి మేస్త్రీ. చివరి స్టడ్డు నిలవదు. తీగ చుట్టి పెట్టాను."

సింగన్న ఇంజన్ ఆపాడు. ఎవరూ తిట్టలేదు. అతని తమ్ముడు మాత్రం వలల మీద నుంచి లేచి, పోలేరయ్యను ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

పడవను గట్టుకు లాగారు. అందరూ దిగాక మేస్త్రి దిగాడు. పోలేరయ్య వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"మీకేమన్నా అయితే నేను బతకలేను మేస్త్రీ."

మేస్త్రి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"ఈ నలుగురూ ఎక్కినప్పుడు బతకగలననుకున్నావా?"