అడిగి తెచ్చిన కుర్చీ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది గూడూరి కమలవ్వ. ఇందులో వచ్చే కుర్చీ ఆమెదే. అందుకని ఆమె మాటకే విలువ ఇస్తాను గానీ, అక్కడ లేనివాళ్లు రాసినదానికి ఇవ్వను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప ఎక్కువ రాదు. విన్నది విన్నట్టు చెప్పడానికి చదువుతో పనేముంది?

ఓదెలయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పడు. తన చెప్పులు ఎక్కడున్నాయో చూస్తాడు. చెప్పులు తొడిగాడంటే అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఆ ఏడు మా మరమగ్గాల వాడలో పని సగానికి పడిపోయింది. ఇంటి కిరాయిలు ఆగాయి, కరెంటు బిల్లులు ఆగాయి. తన మఠానికి వచ్చిన విరాళాలతో మరీ ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు కిరాయి, కరెంటు బిల్లు కడదామని గురువే అన్నాడు. ఏ ఇంటికి కట్టాలో చూసి చెప్పే పని శిష్యుడు రాజలింగం మీద పడింది. ఆయన తహసీలు కచేరీలో గుమాస్తాగా చేసి దిగినవాడు. చెడ్డవాడు కాదు. కానీ ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నాడనే అనుకుని మాట మొదలుపెడతాడు. అది ఉద్యోగం అంటించిన జబ్బు.

ఒకనాడు మధ్యాహ్నం ఎండలో తిరిగి తిరిగి వచ్చి ఆయన గురువు ముందు కూలబడ్డాడు.

“అయ్యా, కాళ్లు పడిపోయినయి. ఏ ఇంటికి పోయినా లేదనే అంటరు. నిజంగ లేనోళ్లెవరో, ఉండి లేదనేటోళ్లెవరో ఎట్ల తెలుస్తది?”

గురువు చెప్పుల కోసం చూశాడు. “ఇంకెవరిల్లు మిగిలింది?”

“వెల్ది ఈరవ్వది. వస్తనని కబురు పంపిన. అదొక్కటి చూసి పొద్దుగూకేసరికి పేర్లిచ్చేస్త.”

“పా.”

ఈరవ్వ కష్టం వాడంతా ఎరుగును. భర్త సాంబయ్య మగ్గం మీద చేసి చేసి దగ్గుతో మంచం పట్టాడు. ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి తెచ్చేది మందులకే చాలదు. కరెంటువాళ్లు తీగ కోసి పోయారు. రేపు పొద్దున కిరాయి చేతిలో పడకుంటే సామాను బయట పెట్టి తాళం వేస్తానని ఇంటి ఆసామి చెప్పి పోయాడు. సాయం అడగడానికి మఠానికి వచ్చిననాడు కూడా ఆమె గడప బయటే నిలబడి, ఎవరన్నా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూ అడిగిందట.

అట్లాంటి మనిషి ఇంటికి సారు వస్తున్నాడు. మా వాడలో ఇంటికి మనిషి వస్తే ఉన్నదేదో పెట్టి ఊరుకోరు. లేనిది పక్కింట్లో అడిగి తెచ్చయినా పెడతారు. ఈరవ్వ అదే చేసింది. కమలవ్వ ఇంటి నుంచి రెండు కుర్చీలు, ఒక పూల దుప్పటి తెచ్చింది. దేవవ్వ ఇంటి నుంచి స్టీలు గ్లాసులు, టేబుల్ ఫ్యాను తెచ్చింది. దుప్పటి సాంబయ్య మీద కప్పి, ఫ్యాను గూట్లో నిలబెట్టి, యాలకులు దంచి వేసి పాలచాయ్ కాచింది.

రాజలింగం కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ చుట్టూ చూశాడు.

“పిల్లలమ్మా?”

“లేరు సారూ.”

“అన్నదమ్ములు?”

“ఉన్నరు. వాళ్లూ మగ్గాలోళ్లే.”

ఎన్ని గడపల దగ్గర చెప్పిందో, ఆ జవాబులు అరిగిపోయి ఉన్నాయి. రాజలింగం గ్లాసు కింద పెట్టి గురువు వైపు వంగాడు. “పోదామా అయ్యా? ఈడ చూడనీకి ఏమున్నది? మా ఇంట్ల గుడ లేవు ఇట్లాంటి కుర్చీలు.”

గురువు కండువాతో మెడ తుడుచుకున్నాడు. “ఉక్క పోస్తుంది లింగం. ఆ ఫ్యానెయ్యి.”

రాజలింగం లేచి మీట నొక్కాడు. ఫ్యాను కదల్లేదు.

“కరెంటు పోయింది సారూ,” అంది ఈరవ్వ.

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

గోడ అవతల పక్కింటి మరమగ్గం టకటకా కొట్టుకుంటూనే ఉంది. మంచం మీద సాంబయ్యకు నవ్వు వచ్చింది, నవ్వు వెంట దగ్గు వచ్చింది. రాజలింగానికి మాత్రం ఏమీ వినిపించలేదు.

గురువు కదల్లేదు. మంచినీళ్లు అడిగాడు. తాగి, ఇంకొన్ని అడిగాడు. విచారణకు వచ్చేవాళ్లు చాయ్ తాగి వెళ్లిపోతారు గానీ ఇట్లా పాతుకుపోతారని ఎవరనుకుంటారు? ఈరవ్వ మాటిమాటికీ తలుపు వైపు చూసింది. ఇంతలో పని దిగే సైరన్ మోగింది. మగ్గాల నుంచి మగవాళ్లు ఇళ్లకు మళ్లారు.

దేవవ్వ వెనక తలుపులోంచి తొంగి చూసి, అందరికీ వినపడేంత గుసగుసగా అడిగింది. “అక్కా, ఇంక పోలేదా వీళ్లు? మా ఆయనొచ్చిండు. చాయ్ పొయ్యనీకి గ్లాసులు లేవు.”

గ్లాసులు తీసుకుంది. పోతూ పోతూ ఫ్యానును కూడా చంకన పెట్టుకుంది. “ఎట్లాగు తిరుగుతలేదు గదా, మా ఇంట్లనన్న తిరుగుతది.”

ఆమె వెనకే కమలవ్వ వచ్చింది. సార్ల వైపు చూడకుండా ఈరవ్వతో అంది. “ఏమనుకోకక్కా. మా మామకు మోకాళ్లు వంగవు. కింద కూసోలేక నిలబడి గొణుగుతున్నడు.”

గురువు లేచి తన కుర్చీ తానే ఎత్తి ఇచ్చాడు. రాజలింగం కూడా లేవక తప్పలేదు. కమలవ్వ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసుకుని తిరగబోతూ మంచం వైపు చూసి ఆగింది. “దుప్పటి ఉండనియ్యక్కా,” అని వెళ్లిపోయింది.

ఇక ఆ గదిలో ఒక రాట్నం, ఒక కుండ, ఒక మంచం, మంచంలో మనిషి మిగిలారు. గురువు కింద బండల మీద కూర్చున్నాడు. రాజలింగం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

“ముందే చెప్తే అయిపోతుండె గదమ్మా? నేను చూడవచ్చిందే ఇంట్ల ఏం లేదో.”

ఈరవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పటికి ఆమెకు దాచే ఓపిక కూడా లేదు. “లేదని చెప్పనీకి మఠానికొచ్చిన గద సారూ. ఇంటికొచ్చినంక గుడ అదే చెప్పాల్నా? వచ్చినోళ్లను కింద కూసోబెట్టి?”

రాజలింగం గురువు పక్కన కింద కూర్చున్నాడు. గురువు ఆయన వైపు చూసి ఒక్క మాట అని లేచాడు. మర్నాడు తాళం పట్టుకుని ఆసామి వచ్చేసరికి రాజలింగం కిరాయితో గడప ముందు నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి తీగ కలిపారు.

జరిగింది ఇంతే. కమలవ్వ వెళ్లాక జరిగింది ఈరవ్వే నాకు చెప్పింది. మఠంవాళ్లు అచ్చేసిన పుస్తకంలో మాత్రం, గురువు ఈరవ్వను “లేని గొప్పలకు పోవద్దు బిడ్డా” అని మందలించాడని ఉంది. అది రాసినాయన ఆ గడప తొక్కలేదు. నేను పోయి చెబితే, చదువు రానోడివి నీకేం తెలుసన్నాడు. అది నేను మరిచిపోలేదు. ఈరవ్వతో గురువు మంచినీళ్లు అడగడం తప్ప ఏమీ మాట్లాడలేదు. ఆయన అన్న మాట కింద కూర్చున్న రాజలింగంతో అన్నది. ఆ పుస్తకం మళ్లీ అచ్చేసేవాళ్లు ఎవరన్నా ఉంటే, దయచేసి ఆ మందలింపు కొట్టేసి ఈ మాట వేయండి:

“లింగం, ఇప్పుడొచ్చినవ్ ఇంట్లకు.”