ఈరమ్మకొచ్చిన నాలుగు గంటల మెయిలు

నక్క ఉన్న కథ అనగానే నక్కే దొంగ అని మీరు ముందే తీర్మానం చేసేసుకుంటారని నాకు తెలుసు. కాస్త ఆగండి. ఆ అడవిలో ఆ రోజు అందరూ అందర్నీ అనుమానించారు. దుప్పి కుందేల్ని అనుమానించింది, కుందేలు కోతిని, కోతి నెమలిని. ఎవ్వరూ అనుమానించనిది ఒక్క నక్కనే. ఎందుకంటే నక్క ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీలో ఉన్నవాణ్ణి అనుమానించడానికి మనుషులకే గుండె చాలదు, పాపం జంతువుల్ని అని ఏం లాభం.

సంగతేమిటంటే, నల్లరాళ్ళ కొండ కింద అడవిలో ఎండాకాలం వస్తే నీళ్ళు మిగిలేది ఒక్క మడుగులోనే. అందరూ ఒకేసారి దిగితే రక్తాలు పారతాయని ఒక కమిటీ పెట్టుకుని, తలా ఒక వేళ రాసుకున్నారు. కమిటీకి అధ్యక్షుడు అడవిదున్న భీమలింగం. తెల్లవారి ఐదింటికి ఆయన తాగుతాడు. ఆయన కలియదొక్కిన నీళ్ళు తేరుకున్నాక మిగతావాళ్ళు. సాయంత్రం నాలుగు చిరుతపులి శేషన్నది. ఆ గంటలో మడుగు దగ్గర శేషన్న కంటబడింది ఏదైనా సరే అతనిదే, కమిటీ అడగదు. ఆ షరతు మీదే మిగతా వేళల్లో మడుగు చాయలకి రానని శేషన్న ఒప్పుకున్నాడు. మడుగు గట్టున రెండు అడవిపందులు కాపలా. వేళ కాని వేళ ఎవరొచ్చినా వెనక్కి తోలేస్తాయి.

కొండమీద సెల్ టవరొచ్చాక, దారంట పోయే యాత్రికులు పారేసుకున్న ఫోన్లు తలా ఒకటి దొరికాక, ఈ వేళలు మెయిల్లో పంపడం మొదలైంది. పాడుబడ్డ ఫారెస్టు బంగళాలో ఒక కంప్యూటరుంది. ఉత్తరం ఒక్కటే రాస్తారు. పేరు దగ్గరా, వేళ దగ్గరా ఖాళీ వదులుతారు. ఇంకోచోట షీట్‌లో పేర్లు ఒక నిలువు వరస, వాటి పక్కనే వేళలు ఒక నిలువు వరస. బటన్ నొక్కితే ఒక్కో పేరూ, దాని పక్కనున్న వేళా మిషనే తీసి ఖాళీల్లో నింపి, ఎవరిది వాళ్ళకి పంపేస్తుంది. దీన్నే మెయిల్ మెర్జ్ అంటారు.

మూడు వేసవులు ఆ పని ముళ్ళపంది సుంకులమ్మ చేసింది. ఎవర్నీ నమ్మని మనిషి. మీరు పలకరిస్తే, ఎందుకు పలకరించారా అని ముందు వీపు మీద ముళ్ళు లేపుతుంది, తర్వాతే పలుకుతుంది. ఈ ఏడు నక్క గుర్నాథం వచ్చి, సుంకులమ్మ మెయిల్లో అధ్యక్షుల వారి పేరుకి ముందు గౌరవనీయులు అన్న మాట లేదని భీమలింగం చెవిన వేశాడు. అంతే, కుర్చీ చేతులు మారింది.

ఇక ఈరమ్మ సంగతి. ఆడ దుప్పి. ఇరవై రోజుల పిల్లతల్లి. ఏటా ఆమె వేళ పొద్దున ఏడు. ముందురోజు సాయంత్రం వచ్చిన మెయిల్లో మాత్రం ఇలా ఉంది: ఈరమ్మ గారికి, ఈ వేసవిలో మీ వేళ సాయంత్రం నాలుగు గంటలు. మూడుసార్లు చదివింది. ఏదో పొరపాటులే, అలవాటైన వేళకే పోదామని పొద్దున ఏడింటికి పిల్లని వెంటేసుకుని మడుగుకి పోయింది. పందులు ఫోన్ చూపించమన్నాయి. నాలుగు అని ఉంది కదమ్మా, నాలుగింటికి రా పో అని తోలేశాయి. లోపల ఆమె వేళలో కుందేలు హాయిగా నీళ్ళు తాగుతోంది.

అక్కడే గొడవ మొదలైంది. నా వేళ నీకెలా వచ్చింది, ఎవర్ని పట్టుకున్నావు అని ఈరమ్మ కుందేల్ని నిలదీసింది. నా ఎనిమిదింటిని ఆ కోతి కొట్టేసింది, ముందు దాన్నడుగు అని కుందేలు ఎదురు తిరిగింది. కోతిని అడిగితే నెమలి పేరు చెప్పింది. పొద్దెక్కేసరికి అడవంతా ఒకర్నొకరు ఓరగా చూసుకోవడమే. నీళ్ళ సంగతి పక్కకి పోయింది, ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్నదే మిగిలింది. గుర్నాథానికి కావలసింది కూడా అదే.

ఈరమ్మకి పొదుగు వదులైపోతోంది. పిల్ల నోరు పెట్టి లాగి, పాలు రాక తల్లి మొహంలోకి చూస్తోంది. ఇక తట్టుకోలేక సుంకులమ్మ బొరియ దగ్గరికి పోయింది. పగలు నిద్రపోయే ముళ్ళపందిని లేపితే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. ముందు ఈరమ్మనే అనుమానించింది, నువ్వే ఎవరి వేళకైనా ఆశపడ్డావా అని. తర్వాత పిల్ల వైపు చూసి ముళ్ళు దించింది.

"అందరి ఫోన్లూ పట్టుకురా. మాట మీద నమ్మకం లేదు నాకు, రాసిందే చూస్తాను."

చూసింది. ఈరమ్మ ఏడు కుందేలికి వచ్చింది. కుందేలు ఎనిమిది కోతికి, కోతి తొమ్మిది నెమలికి, నెమలి పది కణితి జింకకి. అలా వేళలన్నీ కుదురుగా, ఒక్కొక్క గడి కిందికి దిగాయి.

"అక్కా, అయితే కుందేలు తప్పు లేదా?" అంది ఈరమ్మ.

"కుందేలికి అంత తెలివి ఉంటే నన్నెందుకు లేపేదానివి. వేళల వరసని ఎవరో పట్టుకుని కిందికి లాగారు. లాగినచోట ఖాళీ పడుతుంది చూడు, అందులో నాలుగు అని కొట్టారు. ఆ గడి నీ పేరు పక్కది."

ఇద్దరూ మధ్యాహ్నం పన్నెండింటికి బంగళాకి పోయారు. భీమలింగం అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఆయనకీ వయసైపోయింది, ముందుకాలు వాచి నెలైంది. గుర్నాథం అంతా విని నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. అందులో తప్పేముంది సార్, చూడండి అని స్క్రీన్ తిప్పి, పంపే ముందు మెయిలు ఎలా ఉందో చూపించే బొమ్మ తెరిచాడు. అందులో మొదట కనిపించేది షీట్‌లో మొదటి పేరే. గౌరవనీయులైన భీమలింగం గారికి, ఈ వేసవిలో మీ వేళ తెల్లవారి ఐదు గంటలు.

"సరిగ్గానే ఉందిగా," అన్నాడు భీమలింగం.

"ఆ పక్కన బాణం గుర్తుంది, అది నొక్కమనండి సార్. తర్వాతి వాళ్ళ మెయిలు కనబడుతుంది," అంది సుంకులమ్మ.

"పద్నాలుగు మెయిళ్ళూ చదువుతూ కూర్చోవడానికా నేనున్నది? ఒకటి సరిగ్గా ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే."

గుర్నాథం అందుకున్నాడు. ఒకవేళ అక్కడక్కడా తేడా వచ్చినా అది మిషన్ గుణం, పోయినేడు సుంకులమ్మ ఉండగా ఖాళీలు నిండక, అడవిలో అందరికీ 'ప్రియమైన పేరు గారికి' అనే పోలేదా అని గుర్తు చేశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యాలి, అప్‌డేట్లున్నాయి, ఫార్మాట్ చూడాలి, అన్నీ వచ్చేవారం చూస్తానన్నాడు. ఆ మీదట భీమలింగం చెవి దగ్గరికి వంగి, కుర్చీ పోయినవాళ్ళ కడుపుమంట ఎలా ఉంటుందో మీకు తెలియనిదా సార్ అని సన్నగా ఊదాడు. భీమలింగం కళ్ళు చిన్నవై సుంకులమ్మ మీద ఆగాయి. అనుమానం అక్కడికి పోయింది చూడండి. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు ఈరమ్మ ముందుకొచ్చింది. "సార్, నాలుగింటికి పోతే నేను మిగలను. పోకపోతే నాకు పాలుండవు, నా బిడ్డ మిగలదు. ఈ రెండిట్లో ఏది చెయ్యమంటారో మీరే చెప్పండి."

"మెయిల్లో ఏముందో అది చెయ్యి," అని భీమలింగం కళ్ళు మూసుకున్నాడు.

గుర్నాథం భోజనానికి పోయాడు. కంప్యూటర్ కట్టెయ్యను కూడా లేదు. వీళ్ళేం చేస్తారులే అన్న ధీమా. భీమలింగం గురక పెడుతున్నాడు. సుంకులమ్మ లోపలికి పోయి కుర్చీ ఎక్కింది.

షీట్ చూసింది, అనుకున్నట్టే ఉంది. ఈరమ్మ పక్కన ఏడు అని కొట్టి పంపడం ఆమెకి క్షణం పని. కానీ వాడు వచ్చి మళ్ళీ నాలుగు కొడతాడు. ఈ పెద్దాయన మళ్ళీ తన మెయిలు ఒక్కటి చూసుకుని బాగుందంటాడు. అందుకని వేళల జోలికే పోలేదు. పేర్ల వరసలో మొదటి గడిలో ఉన్న భీమలింగం పేరూ, ఆయన మెయిల్ అడ్రసూ తీసి ఈరమ్మ ఉన్న గడుల్లో పెట్టింది. ఈరమ్మవి పైకి తెచ్చింది. అందరికీ కాకుండా ఒక్క వరస మాత్రమే పంపే వీలుంది అందులో. భీమలింగం ఉన్న ఆ ఒక్క వరసకీ బటన్ నొక్కి, దిగి వచ్చి ఈరమ్మ పక్కన కూర్చుంది.

అరుగు మీద ఫోన్ మోగింది. భీమలింగం ఒక కన్ను తెరిచి చదివాడు. రెండో కన్ను తెరిచి మళ్ళీ చదివాడు. గౌరవనీయులైన భీమలింగం గారికి, ఈ వేసవిలో మీ వేళ సాయంత్రం నాలుగు గంటలు.

వాచిన కాలు మీద అంత జోరుగా ఆయన లేవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. వయసులో ఉన్న దున్న జోలికి శేషన్న రాడు. కుంటుతున్న ముసలి దున్న ఒంటరిగా, అదీ తన గంటలో మడుగులో దిగితే వదులుతాడా? గుర్నాథాన్ని పిలవమని అరిచిన అరుపుకి బంగళా పెంకులు కదిలాయి. వచ్చేవారం దాకా ఆగుదామన్న మాటే లేదు ఇప్పుడు.

గుర్నాథం మూతి తుడుచుకుంటూ వచ్చి, మెయిలు చూసి తెల్లబోయాడు. తాను ముట్టని గడి అది, ఇలా ఎందుకొచ్చిందో వాడికి అర్థం కాలేదు. నోటికి అలవాటైన మాటే అన్నాడు. "మిషన్ తప్పు సార్. మెర్జ్‌లో ఇలాంటివి వస్తుంటాయి."

"మిషన్ కాదు, నేను," అంది సుంకులమ్మ. భీమలింగం కొమ్ములు ఆమె వైపు తిరిగాయి. ఆమె కదల్లేదు. "నేను చేసింది ఒక్కటే సార్. మీ పేరు తీసి ఈరమ్మ పేరున్న చోట పెట్టాను. ఆ నాలుగు నేను రాయలేదు. అది అక్కడ ముందే ఉంది, ఈరమ్మ కోసం రాసిపెట్టి ఉంది. ఇందాక మీరు సరిగ్గా ఉందన్నది దాన్నే."

సుంకులమ్మ లోపలికి పోయి ఆ రెండు పేర్లూ, అడ్రసులూ మళ్ళీ పాత గడుల్లో పెట్టేసింది. భీమలింగం వచ్చి స్క్రీన్ ముందు నిలబడి, మూతితో బాణం గుర్తు తనే నొక్కాడు. ఒక్కొక్క మెయిలూ పైకి చదివాడు, పక్కన పోయినేటి వేళ ఏమిటో ఈరమ్మ చెబుతూ వచ్చింది. పద్నాలుగు వరసల్లో పదకొండు తప్పు. మూడే సరిగ్గా ఉన్నాయి. అధ్యక్షుడి వరస, శేషన్న వరస, గుర్నాథం వరస.

"మిషన్‌కి తప్పు చెయ్యడం తెలుసు సార్," అంది సుంకులమ్మ. "పోయినేడు చేసింది, అందరికీ ఒకేలా చేసింది, మిమ్మల్నీ వదల్లేదు. ఎవర్ని వదిలెయ్యాలో దానికి తెలీదు. అది తెలిసినవాడు కుర్చీలో కూర్చున్నాడు."

గుర్నాథం తోక కాళ్ళ సందులోకి పోయింది. దుప్పిని శేషన్న పడేస్తే మిగిలిన ఎముకలు తనవి, అదీ వాడి బేరం. మిగతా పదిమంది వేళలూ కలగాపులగం చేసింది మిషన్ మీదికి తొయ్యడానికే. అడిగితే ఇంకా ఏదో ఫార్మాట్ అంటున్నాడుగానీ, వినేవాళ్ళెవరూ లేరు.

అప్పటికి మూడైంది. సుంకులమ్మ వేళల వరసని పైకి లాగి, గడులన్నీ సరిచేసింది. ఎవరి పేరు పక్కకి వాళ్ళ వేళ వచ్చింది. కానీ ఈరమ్మ ఏడు గంటలు ఆ రోజుకి ఎప్పుడో దాటిపోయాయి. భీమలింగం ఆమె మొహంలోకి చూడలేక పిల్ల వైపు చూస్తూ, "నా వెంట రామ్మా," అన్నాడు. కుంటుకుంటూ మడుగు దాకా నడిచి, శేషన్న పడుకునే గుట్ట వైపు కొమ్ములు పెట్టి గట్టున నిలబడ్డాడు. ఈరమ్మ కడుపు నిండా తాగింది. పిల్ల అక్కడే పాలకి ఎగబడింది. ఆయన ఆమెకి క్షమాపణ చెప్పాడో లేదో నాకు తెలీదు, చెప్పి ఉండాల్సింది.

తిరిగొచ్చాక కమిటీ తీర్మానం ఒకటి రాయించాడు. ఆ వేసవికి గుర్నాథం వేళ సాయంత్రం నాలుగు. మెయిలు అందుకున్న గుర్నాథం నేరుగా గుట్ట దగ్గరికి పరిగెత్తి, శేషన్నా, మన మధ్య ఇవేమిటి, నేను పక్కనుంచి రెండు గుక్కలు తాగి పోతాను, నువ్వు చూడనట్టు ఊరుకో అని బతిమాలాడు.

శేషన్న ఆవలించాడు. "ఇవాళ దుప్పిని పంపిస్తానన్నావు. రాలేదు. నాకు ఆకలిగా ఉంది గుర్నాథం. నాలుగింటికి తప్పకుండా రా."

గుర్నాథం నాలుగు దాకా ఆగలేదు. ఎండిన గొంతుతో ఆ ఎండలోనే కొండ దాటి పోయాడు. అవతల అడవిలో నీళ్ళున్నాయో లేవో మనకి కబురు లేదు.

కుర్చీ మళ్ళీ సుంకులమ్మదైంది. ఇప్పుడు ఆమె అధ్యక్షుడి పేరు మొదటి వరసలో పెట్టదు. ఏ ఏడు ఎక్కడ పెడుతుందో ఆయనకి చెప్పదు కూడా. తన మెయిలు దొరికేదాకా భీమలింగం ఒక్కొక్కరిదీ చదవాల్సిందే, దొరికాక కూడా సుంకులమ్మ ముళ్ళు చూసి మిగతావి చదువుతాడు.

నీతి: తన ఒక్కడికీ సరిగ్గా ఉందని అందరికీ సరిగ్గా ఉందనుకునే పెద్ద ఉన్నచోట, దొంగ చేసుకోవలసిన పని సగమే.