ఒకటిన్నర వరుస

సోమేశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, తెల్లకాగితం ఇస్తారు. యూనివర్సిటీ సంగీత కళాశాలలో ముప్పై ఏళ్లుగా తీగవాద్యాలు నేర్పుతున్నారాయన. ఆయన బల్ల సొరుగులో ఇంకేం ఉన్నా లేకపోయినా కాగితాల బొత్తి ఒకటి ఉంటుంది. చెవిలో పడ్డది చేత్తో రాస్తేగాని మనది కాదని ఆయన నమ్మకం. విన్నదాన్ని స్వరం తప్పకుండా రాయడం వచ్చాకే ఆయన శిష్యులకు కచేరీ యోగం.

వకుళ ఆయన దగ్గర వయోలా నేర్చుకుంటోంది. నిజానికి ఆమె కళాశాలలో చేరింది వయొలిన్ కోసం. చేరిన రోజున మాస్టారు ఆమె పొడుగాటి వేళ్లు చూసి, ఇవి దీనికి పనికొస్తాయంటూ వయోలా చేతిలో పెట్టారు. చూడటానికది వయొలిన్‌కి అక్కలా ఉంటుంది. ఒళ్లు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పెళ్లిలో తనని రెండో బంతికి ఆగమన్నట్టు అనిపించింది వకుళకి. మొదటి బంతిలో కూర్చున్నది శార్వాణి. అదే ఏడు, అదే తరగతి, చేతిలో వయొలిన్. మూడేళ్లుగా ఆ పిల్లని చూసి వకుళ కళ్లలో నిప్పులు పోసుకుంటూనే ఉంది. అయితే అసూయ అన్న మాట తన విషయంలో ఎన్నడూ వాడుకోలేదు, న్యాయం జరగడం లేదని మాత్రం అనుకునేది. ఎదురుపడితే చక్కగా నవ్వేది. శార్వాణి జ్వరం వచ్చి తరగతికి రాని రోజున మాత్రం ఆమెకి మెస్సులో సాంబారు రుచిగా ఉండేది.

ఆ ఏడు స్నాతకోత్సవంలో గాత్రం విభాగం పెద్దాయన పాడతారని, పక్కవాద్యం వయొలిన్ అయినా వయోలా అయినా ఒక్కరికే చోటని తెలిసింది. ఆ ఒక్కరూ ఎవరో సోమేశం మాస్టారు తేల్చాలి. వకుళకిది ఆఖరి సంవత్సరం. ఈసారి కూడా వేదిక ఎక్కకపోతే ఆ పెట్టె మూసేసి బీఎడ్‌లో చేరాల్సిందేనని వాళ్ల అన్నయ్య ముందే చెప్పేశాడు.

మాస్టారు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, కాంభోజి రాగాన్ని వంతులవారీగా వాయించమన్నారు. ఒకరు వాయించి ఆపగానే ఇంకొకరు అందుకోవాలి. అరగంట వాయించారు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, మంచిదని చెప్పి లేచి వెళ్లిపోయారు. ఎవరి వాయిద్యం బాగుందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే వకుళ ఆయన గదికి వెళ్లింది. నిన్నటి నుంచీ కడుపులో కుంపటి పెట్టుకున్న మనిషికి నసిగే ఓపిక ఎక్కడిది?

"మాస్టారూ, ఆ అమ్మాయిలో ఏముంది? నాలో ఏం లేదు?"

ఆయన సొరుగు లాగి కాగితాలు తీశారు. నిన్నటి కాంభోజిలో శార్వాణి వాయించిందంతా రాయమన్నారు. వకుళ చాప మీద కూర్చుని తడుముకోకుండా రాసింది. రెండు కాగితాలు నిండాయి. ఎక్కడ తీగల మీద కమాను తిప్పిందో, ఎక్కడ ఒక వేలు జార్చిందో పక్కన గుర్తులు కూడా పెట్టింది. ఒకచోట శార్వాణి నిషాదం వెంట్రుకవాసి తగ్గింది. దాని కింద రెండు గీతలు గీసింది, గీస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంది. మాస్టారు చదివి, ఒక్క స్వరం కూడా పొల్లుపోలేదని మెచ్చుకున్నారు. చోటు ఇక తనదేననుకుంది వకుళ.

అప్పుడాయన మూడో కాగితం ఇచ్చారు. "ఇప్పుడు నువ్వు వాయించింది రాయి."

మొదటి వరుస వచ్చింది. రెండోది సగం దాకా వచ్చి ఆగిపోయింది. వకుళ కళ్లు మూసుకుంది, వేళ్లు మోకాలి మీద ఆడించి చూసింది. ఎటు వెతికినా శార్వాణి వాయించిందే తగులుతోంది. వాయిస్తున్నంతసేపూ ఆమె కళ్లు పక్కమ్మాయి ఎడమచేతి మీద ఉన్నాయి, చెవులు ఆ పిల్ల తరవాత ఏం వాయిస్తుందోనని కాచుకుని ఉన్నాయి. తన ఇల్లు తెరిచిపెట్టి పొరుగింటి గుమ్మం ముందు కాపలా కాసినట్టయింది. గంట కొట్టారు, వరండాలో తరగతులు మారాయి, కాగితం మీద ఒకటిన్నర వరుసే ఉంది. చివరికి తల ఎత్తకుండానే గుర్తు లేదండీ అంది. సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా శార్వాణి మీదే కోపం వచ్చింది.

మాస్టారు సొరుగులోంచి ఇంకో కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. అది శార్వాణి రాసినది. నిన్న సాయంత్రమే ఆ పిల్లా వచ్చిందట. వయోలాలో ఉన్న ఆ నిండుదనం తన చేతిలో ఎందుకు పలకదని ఏడుపు మొహంతో అడిగిందట. ఆమెకీ కాగితమే దొరికింది. తన వంతులు కొట్టివేతలతో కిందా మీదా పడి రాసుకుంది. అడుగున మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "ఇక్కడ వయోలా మంద్ర పంచమానికి దిగి నిలిచింది. అది పూర్తిగా ఆగేదాకా నేను కమాను ఎత్తలేదు. ఎత్తబుద్ధి కాలేదు."

వకుళ ఆ మాటల్ని మూడుసార్లు చదివింది. ఆ పంచమం ఆమెకి ఎంత మాత్రమూ గుర్తు రాలేదు. శార్వాణి అంతటిది చేయి ఆపుకుని విన్న ఆ స్వరాన్ని తనూ ఒక్కసారి వినాలనిపించింది. దాన్ని వాయించిన మనిషెవరో గాని, ఆ మనిషి మీద ఆమెకి పట్టలేనంత అసూయ కలిగింది.

కాగితం తిరిగి బల్ల మీద పెట్టి, స్నాతకోత్సవానికి ఎవరి పేరు రాస్తున్నారని అడిగింది. పేరు రాయాల్సిన కాగితం బల్ల మీదే ఖాళీగా ఉంది. మాస్టారు కలం మూత తీశారు, మళ్లీ పెట్టేశారు.

"ఆ పంచమం ఎవరు వాయించారో కనుక్కుని రా అమ్మాయ్," అన్నారు. "ఆ మనిషి దొరికాక రాద్దాం."