బండకోర మూడురోజుల స్నానం

చీనా దేశంలో తాంగ్ రాజుల ఏలుబడి చివరికొచ్చిన రోజుల్లో మనుషుల ఉప్పు మీద రాజుగారి పహరా ఉండేది. అడవి మనుషుల్ని చూసి చెడిపోయిందో, మనుషులకే నేర్పిందో తెలియదు గానీ, హువాయ్ నదికి దక్షిణాన ఉన్న కొండ అడవిలోనూ అదే తంతు. అడవి మొత్తానికి ఒకటే ఉప్పుమడుగు. నేలలోంచి ఉప్పునీరు ఊరి, చుట్టూ నల్లటి బురదగా పేరుకునేది. గడ్డి తినే ప్రాణికి ఉప్పు అందకపోతే కాళ్ళు వణుకుతాయి, పొదుగు ఎండిపోతుంది, కడుపులో పిల్ల కడుపులోనే పోతుంది. ఆ మడుగును ఎవరూ తవ్వలేదు, ఎవరూ నింపలేదు. అయినా అది పులిరాజుగారిదట!

"మందకు ఏడాదికో కూన. అప్పగిస్తే నాలుక ఆనించు, లేదంటే దారి పట్టు" అనేవి కాపలా తోడేళ్ళు.

ఆ పులిరాజును చూసినవాళ్ళు లేరు. ముసలిదై గుహలో పడుకుందని కొందరు, చచ్చి చాలాకాలమైందని కొందరు చెప్పుకునేవారు. నక్క మంత్రి గుహలోకి తల పెట్టి, బయటికి తీసి, "ఏలినవారి ఆజ్ఞ" అంటే అదే ఆజ్ఞ. దోచుకునేవాడు దొర, వాడికి దండం పెట్టేవాడు మంచివాడు. లోకం తీరే అంత.

జాజి అనే కొండమేక రెండేళ్ళలో రెండు పిల్లల్ని అప్పగించింది. మూడో ఏడు కన్న పిల్లను ఇవ్వడానికి మనసొప్పలేదు; ఉప్పు అందక పొదుగులో చుక్క పాలు లేవు. ఏం చెయ్యాలో తోచక మడుగు పైనున్న రాతి మీద నిలబడి చూస్తూ ఉండగా, కొండంత అడవిపంది ఒకటి తాపీగా మడుగులోకి దిగింది. పేరు బండకోర.

"ఏం పందిగారూ, జలకాలాటలా?" అన్నాడు తోడేళ్ళ దళవాయి.

"ఒళ్ళు వేడి చేసింది దొరా. కాస్త పొర్లిపోతాను."

"పొర్లు, పొర్లు! నీకు బురదకు మించిన పట్టుపరుపు ఏముంది!"

తోడేళ్ళు పగలబడి నవ్వాయి. ఆజ్ఞలో ఉన్నది నాలుక సంగతే. వీపు సంగతి లేదు.

బండకోర ఇటు పొర్లి, అటు పొర్లి, కొండెక్కి నేరుగా జాజి ముందుకొచ్చి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నా వీపు కాస్త నాకు."

"సిగ్గు లేదూ! నేనేమైనా నీ దాసీనా?"

"సిగ్గు సంగతి తరవాత చూద్దాం. ముందు నాకి చూడు."

జాజి మొహం చిట్లించుకుని నాలుక ఆనించింది. ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు! ఆరిన బురద నిండా ఉప్పు! ఎండిన ఆకును మేసినట్టు ఆ వీపును గీకి గీకి నాకింది. సాయంత్రానికి పొదుగు బరువెక్కింది.

"ఇది దొంగతనం కాదా అన్నా?" అంది చివరికి.

"నేలలో ఊరినదానికి కంచె వేసినవాడు దొంగ. నేను దాన్ని ఇంటికి తిరిగి పంపుతున్నానంతే" అన్నాడు బండకోర. "ఎవరికి ఉప్పు కావాలో వాళ్ళందరినీ రమ్మను. వీపు పెద్దదే."

అలా మొదలైంది. ఒక పంది నలభై పందులైంది. రోజూ పొర్లడం, కొండెక్కడం, పంచడం. ముసలి దుప్పులు, కాలు విరిగిన జింకలు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి పక్కకు తిరిగి నిలబడేవాడు బండకోర. ఆయన ముందు నాకేది ఎప్పుడూ అందరికన్నా బలహీనమైన ప్రాణే. బలిసిన దుప్పి తోసుకొస్తే, "వెనక్కి నడువు మావా, నీ కాళ్ళు వణకడం లేదు" అనేవాడు.

తోడేళ్ళకు సంగతి తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది? ఒకరోజు చుట్టుముట్టాయి. అప్పటికే బండకోర తన వాళ్ళకు ఇంకో విద్య నేర్పాడు. బురదలో పొర్లడం, వెళ్ళి దేవదారు చెట్ల బంకకు ఒళ్ళు రుద్దడం, మళ్ళీ పొర్లడం. పొర మీద పొర పేరుకుని చర్మం మీద రాతిగోడ లేచింది. తోడేళ్ళ కోరలు ఆ గోడ మీద జారిపోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగం తోడేళ్ళు చచ్చాయి, తక్కిన సగం దళవాయితో సహా తోక ముడిచాయి.

మడుగు ఒడ్డున నిలబడి బండకోర ఒక్కమాటే అన్నాడు: "నాకేవాడిదే ఉప్పు!"

కొండలన్నీ ఆ మాటను తిరిగి అన్నాయి. మూడేళ్ళ పాటు ఆ అడవిలో ఏ తల్లీ కూనను అప్పగించలేదు. గర్జించకుండా, ఒక్క బిడ్డనూ మింగకుండా అడవిని నిలబెట్టిన దొర ఇంకొకడు ఉంటే చూపించండి!

నాలుగో ఏడు నక్క మంత్రి ఒంటరిగా వచ్చింది. నోట్లో అడవికోడి ఈకల జెండా, మెడలో చెక్కముద్ర. ముద్ర మీద పులిపంజా గుర్తు.

"బావా బండకోరా! ఏలినవారు నీ పరాక్రమానికి మురిసిపోయారు. నేటి నుంచి నువ్వు ఉప్పుసీమ మహాసేనానివి. ఉప్పు అందరిదీ అని ముద్ర వేసి ఇస్తున్నారు."

జాజి పళ్ళు కొరికింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఉప్పు ఇప్పుడు మాత్రం ఎవరిది?"

"ఇప్పుడు మీదే మేకమ్మా. రేపు? బండకోర బావ రాయి కాదు కదా, ఏదో ఒకనాడు పోతాడు. ఆ తరవాత ఏ తోడేలు వచ్చి అడిగినా చూపడానికి మీ దగ్గర ఏముంది?"

ఆ మాట బండకోర గుండెల్లో దిగింది. నక్క అది చూసింది.

"చిన్న ఆచారం ఉంది బావా. రాజముద్రను బురద ఒంటితో అందుకోకూడదు. మూడురోజులు జలపాతం కింద స్నానం, నాలుగోనాడు పొద్దున్నే ముద్ర. సేనను వెంట తెస్తే ఏలినవారిని శంకించినట్టు. ఒక్కడివే రావాలి. అడుసు తొక్కావు సరే, ఇక కాలు కడుక్కోవద్దూ?"

నక్క వెళ్ళాక జాజి అడ్డం నిలబడింది.

"వద్దన్నా. గెలిచింది మనం. ఓడినవాడి ముద్ర మనకెందుకు?"

"నా కోసం కాదు జాజీ. నేను మహాసేనానినైతే ఏంటి, పందినైతే ఏంటి! నేను పోయాక నీ మనవలు మళ్ళీ కూనల్ని అప్పగించకూడదు. ముద్ర ఉంటే ఎవడూ అడగలేడు."

"గుహలో ఉన్నాడో లేడో తెలియనివాడి ముద్ర!"

"అడవంతా దాన్ని నమ్ముతుంది. అది చాలు."

చూశారా, ఎంత గొప్పవాడు ఎంత చిన్న చెక్క దగ్గర తడబడ్డాడో! తోడేళ్ళను మట్టి కరిపించినవాడు గుహను మాత్రం మనసులోంచి కూల్చలేకపోయాడు.

మూడురోజులు జలపాతం బండకోర ఒంటి మీద దూకింది. మొదటిరోజు బురద పోయింది. రెండోరోజు బంక పెచ్చులు ఊడాయి. మూడోరోజుకు తెల్లటి చర్మం, పలుచటి వెంట్రుకలు, పాత గాట్లు బయటపడ్డాయి. పైనున్న చరియ మీంచి జాజి చూస్తోంది. "మా అన్న ఇంత మెత్తగా ఉంటాడా!" అనుకుంది.

నాలుగోనాడు పొద్దున, పండగ చూడాలని తల్లులు పిల్లలతో సహా మడుగు నుంచి జలపాతానికి నడిచొస్తున్నారు. దారంతా దుప్పులు, జింకలు, ఇంకా కాళ్ళు నిలవని కూనలు. నలభై పందులూ బండకోర చెప్పినట్టే మడుగు దగ్గర కాపలా ఉన్నాయి.

"మోకరిల్లు బావా, ఆజ్ఞ చదువుతాను" అంది నక్క.

బండకోర ముందుకాళ్ళు మడిచి తల వంచాడు.

"ఏలినవారి ఆజ్ఞ! ఉప్పుదొంగ బండకోరను..."

ఆ మాట పూర్తికాకముందే పొదల్లోంచి తోడేళ్ళు దూకాయి. ఈసారి కోరలు జారలేదు. బండకోర వీపు చీలింది. దళవాయి నవ్వాడు.

"ఏం మహాసేనానీ, ఒళ్ళు వేడి తగ్గిందా?"

"మడుగు వైపు పరిగెత్తు అన్నా! మనవాళ్ళు అక్కడున్నారు!" అని పైనుంచి అరిచింది జాజి.

బండకోర ఆ దారి వైపు చూశాడు. దారి నిండా కూనలు. తను అటు పరిగెత్తితే తోడేళ్ళూ అటే పరిగెత్తుతాయి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దళవాయిని కోరతో పక్కకు విసిరి, మడుగుకు వీపు తిప్పి, పైకి, ఇరుకు కనుమలోకి పరిగెత్తాడు. రక్తం వాసనకు పిచ్చెక్కిన తోడేళ్ళన్నీ ఆయన వెంటే పడ్డాయి. దారిలో ఉన్న ఒక్క కూన వైపూ చూడలేదు.

కనుమ మూతి దగ్గర బండకోర తిరిగి నిలబడ్డాడు. ఒక్కొక్క తోడేలే రాగలిగే చోటు. వచ్చినదాన్ని వచ్చినట్టు కోరకు గుచ్చాడు. జాజి తన మేకలన్నిటినీ పిలిచింది. "తన్నండి! ఉన్న ప్రతి రాయినీ తన్నండి!" పైనుంచి బండలు దొర్లాయి. అరుపులు విని నలభై పందులూ వెనకనుంచి వచ్చిపడ్డాయి. తోడేళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. నక్క మాత్రం ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

జాజి కిందికి దూకి వచ్చేసరికి బండకోర పక్కకు ఒరిగి ఉన్నాడు.

"మోసపోయాను జాజీ. నా తరవాత మీకు ఏదో ఒకటి ఉండాలనుకున్నాను."

"నీ తరవాత మేమున్నాం కదన్నా" అంది జాజి ఏడుస్తూ. "అన్నీ ఆలోచించావు, అది ఒక్కటి నీకు తట్టలేదు."

బండకోర తల తిప్పి కనుమ నిండా నిలబడ్డవాళ్ళను చూశాడు. మేకల గిట్టల్లోంచి రక్తం కారుతోంది. పందులు రొప్పుతున్నాయి. కొమ్ములు రాని దుప్పిపిల్లలు కూడా రాళ్ళ పక్కన నిలబడి ఉన్నాయి. 

"నిజమే చెల్లెమ్మా" అన్నాడు. అదే ఆఖరి మాట.

పది రోజులు గడిచాయి. తల తెగితే మొండెం చెల్లాచెదురవుతుందని లెక్కవేసుకున్న నక్క మంత్రి, అదే జెండా, అదే ముద్ర పట్టుకుని మడుగు దగ్గరికొచ్చింది. ఇప్పుడు దాని వెనక ఒక్క తోడేలు కూడా లేదు.

"మీ పెద్ద ఎవరమ్మా? ఏలినవారు కొత్త సేనానిని నియమించమన్నారు."

నాకుతున్న దుప్పి తల ఎత్తలేదు. పందులు పొర్లడం ఆపలేదు.

"జాజమ్మా, నువ్వా? నీకైతే స్నానం కూడా అక్కర్లేదు. మేకజాతికే శుచి ఎక్కువ!"

"నేను కాదు."

"మరి ఆ ముసలి దుప్పి మావా?"

"ఆయనా కాదు."

"ఎవరో ఒకరు ఉండాలి కదా! ఈ పదవి నేను ఎవరికివ్వను?"

జాజి నాలుకతో మూతి తుడుచుకుంది. "ముద్ర నీ దగ్గరే ఉంచుకో బావా. ఉప్పు మా దగ్గర ఉంది."

నక్క చుట్టూ చూసింది. లోబరచుకోవడానికి ఒక్క తలైనా దొరకలేదు. బెదిరిద్దామంటే వెనక తోడేళ్ళ కోరలు లేవు. పొద్దు వాలేదాకా అక్కడే నిలబడి, జెండా నోట కరుచుకుని, వచ్చిన దారినే పోయింది.

గెలిచినవాడు ఓడినవాడి ముద్ర కోసం తల వంచితే, ఆ తల మీద పడేది కిరీటం కాదు, కోర.