పైడయ్య చల్లార్చిన బండి

అనగనగా ఒక కొండ. కొండకో దారి. ఆ దారి మొదట్లో ఒక రేకుల పాక. పాకలో పైడయ్య అనే మెకానిక్కు. అతని చొక్కాకి గుండీలుండేవి కావు, నోట్లో మాటుండేది కాదు. చేతిలో మాత్రం పనుండేది.

ఒక మిట్టమధ్యాహ్నం నర్సు దేముడమ్మ పక్కన మనిషి పట్టే తొట్టి తగిలించిన మోటారు సైకిలు బండి మీద వచ్చింది. రెండు సిలిండర్ల బండి. చాచిన రెండు వేళ్ళలా ఒకటి ముందుకీ, ఒకటి వెనక్కీ వాలి ఉంటాయి. అది టకటకలాడి, ఈడ్చి ఈడ్చి, పాక ముందే ఆగిపోయింది.

"కొండ మీద సుకిరికి రెండ్రోజులుగా నొప్పులంట. బిడ్డ అడ్డం తిరిగిందంట. బేగి సూడు, పైడయ్యా!"

చూశాడు. వాల్వుల్ని నెట్టే కడ్డీల బిగింపు సడలిపోయింది. తెరుచుకోవాల్సిన వేళకి వాల్వులు తెరుచుకోవడం లేదు. ఇంజను మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు.

"కాల్తంది. సల్లారనీ, తల్లీ."

"మడిసి పోతంటే సల్లారడమేటి!" అని ఆవిడ నీళ్ళు పోయబోయింది. "పగిలిపోద్ది," అని అడ్డుకుని, చాట తెచ్చి ఇంజనుకి విసరసాగాడు. కొత్తల్లుడికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా విసరరు.

"అయిందా?" అందావిడ. చెయ్యి పెట్టాడు. "కాల్తంది."

"వేడి మీదే బిగించెయ్! నీ సేతులు పడిపోనూ!"

"ఎల్డానికి కాదు తల్లీ, రాడానికి," అన్నాడు పైడయ్య. ఆవిడకి అర్థం కాలేదు. తిడుతూనే చాట లాక్కుని తనే విసిరింది.

మూడోసారి పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది. అప్పుడు ముందు సిలిండరు, తర్వాత వెనకది, వాల్వు మూసుకున్న చోటికి తెచ్చి కడ్డీ బిగించాడు. రెండు వేళ్ళతో తిప్పి చూశాడు. "తిరగాలి, ఊగకూడదు," అని గొణుక్కున్నాడు. బండి కొండెక్కింది.

పైన బిడ్డ తిరగలేదు. కింద ఆసుపత్రికి తేవాల్సిందే. సుకిరిని తొట్టిలో పడుకోబెట్టేసరికి ఇంజను మంచులా చల్లబడిపోయింది. వేడి మీద బిగించి ఉంటే, ఇంజను చల్లబడి కుంచించుకున్నాక ఆ కడ్డీ వాల్వుని మూసుకోనిచ్చేది కాదు, బండి లేచేది కాదు. ఆ సంగతి అప్పుడు తట్టింది దేముడమ్మకి. గుండె చిక్కబట్టుకుని కిక్కు తన్నింది. ఒక్క తన్నుకే లేచింది బండి.

తల్లీ బిడ్డా దక్కారు. మర్నాడు దేముడమ్మ వెళ్ళి, తను తిట్టిన ఆ చేతుల్నే పట్టుకుని ఏడ్చింది.

"ఎన్ని కిక్కులు?" అన్నాడతను.

"ఒకటే, నాయనా."

"సాల్లే," అని నవ్వి, పనిలో పడ్డాడు.

పైడయ్య పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. పాకా లేదు. కానీ ఆ కొండ మీద నిండు చూలాలు బండెక్కితే ఒక ముసలమ్మ చాటతో ఇంజనుకి మూడుసార్లు విసురుతుంది. అది అయ్యేదాకా డ్రైవరు కూడా తాళం తిప్పడు. అప్పుడు ఊరంతా ఒక్కమాటే అంటుంది:

"పైడయ్య పంపినట్టు పంపుతున్నాం. ఇద్దరై రా, తల్లీ."