బుట్టమ్మ చెప్పని మూడు జవాబులు

అనగనగా ఒక అడవి ఉండేది. కొండ దిగి, వాగు దాటి, చివరికి ఉప్పునీళ్లు అడ్డం వచ్చాయని ఆగిపోయిన అడవి అది. ఆ ఉప్పునీటి ఒడ్డున, ఇసకలో ఒక గూడబాతు ఉండేది. గూడబాతుకి ముక్కు కింద బుట్టంత సంచి వేలాడుతుంది కదా, అందుకని దాన్ని అందరూ బుట్టమ్మ అనేవాళ్లు. అందరూ అంటే ఎవరనుకున్నారు? ఒకప్పుడు దానితో ఉన్న గుంపు. ఒక ఏడు గాలివానకి బుట్టమ్మ రెక్క విరిగింది. అతికింది గానీ, దూరాలు ఎగిరే బలం మళ్లీ రాలేదు. ఎండలు ముదరగానే గుంపంతా లేచి ఉత్తరానికి వెళ్లిపోయింది. బుట్టమ్మ ఒడ్డున నిలబడి, మెడ చాచి, అవి కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోయింది.

తిండికి లోటు లేదు. నీళ్లలో మూతి ముంచితే చేపలే చేపలు. లోటల్లా మాటకే. పీతలతో మాట్లాడబోతే అవి బొరియల్లో దూరేవి. అడవి జంతువులా, ఇసక కాలుతుందనీ నీళ్లు ఉప్పనీ ఆ వైపు తొంగిచూసేవే కావు. కొన్నాళ్లకి బుట్టమ్మకి తన గొంతు తనకే గుర్తులేకుండా పోయింది. అప్పుడు ఎవరూ లేకుండానే "బాగున్నావా బుట్టమ్మా?" అని అడిగి చూసుకునేది. పాపం, జవాబు కూడా తనే చెప్పుకునేది.

ఇలా ఉండగా, ఉప్పునీళ్ల మధ్య ఉన్న దిబ్బ మీద కొత్తగా ఒక ఆటశాల వెలిసింది. గవ్వలు వేసి పందెం కాసే ఆట. దాన్ని నడిపేవాడు గంధాలయ్య అనే పునుగుపిల్లి. ఒళ్లంతా ఘుమఘుమలాడుతుంది వాడికి. మాటలు ఇంకా ఘుమఘుమలాడతాయి. వాడు పంపిన చిలకలు అడవంతా తిరిగి చాటింపు వేశాయి. దిబ్బకి రమ్మన్నాయి. మొదటి పందెం తామే కాస్తామన్నాయి. వచ్చిన ప్రతివారికీ బుట్టెడు వేరుశెనగ కానుక అన్నాయి. నీళ్లు దాటించడానికి తాబేళ్లు కూడా సిద్ధమన్నాయి.

అడవిలో మాత్రం ఆట లేదా అంటారేమో. ఎందుకు లేదూ, చింతచెట్టు కింద రోజూ ఆడేవాళ్లు. కాకపోతే అది ఏనుగు పెద్దమ్మ కళ్లముందు జరిగే ఆట. తగువొస్తే పెద్దమ్మ తీర్చేది. పైగా అక్కడ ఒక మంచి కట్టుబాటు ఉంది. ఆట మానలేక ఇల్లు గుల్ల చేసుకుంటున్నవాడు, తనంతట తనే పెద్దమ్మ దగ్గరికి వెళ్లి కాలికి మోదుగనార కట్టించుకోవచ్చు. నార ఉన్నవాణ్ణి ఎవరూ ఆటకి కూర్చోబెట్టకూడదు. బతిమాలినా సరే, ఏడ్చినా సరే. ఆ నార మళ్లీ పెద్దమ్మే విప్పాలి.

దిబ్బ అడవిలోది కాదు. అక్కడ పెద్దమ్మ మాట చెల్లదు. అందుకే పెద్దమ్మ తొందరపడొద్దంది. ముందు నమ్మకమైనవాళ్లు ఒకరు వెళ్లి, ఆ చోటు మనవాళ్లకి తగినదో కాదో చూసి రావాలంది. మరి గంధాలయ్య తాబేళ్ల సాయం లేకుండా, సొంతంగా ఈది వెళ్లి రాగలిగేది ఎవరు? ఇదిగో, అప్పుడు గుర్తొచ్చింది అడవికి బుట్టమ్మ.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ జంతువులన్నిటినీ వెంటబెట్టుకుని ఒడ్డుకి వచ్చింది. అంతమంది తన కోసం నడిచి రావడం చూసి బుట్టమ్మ గబగబా ఎదురెళ్లింది.

"మూడు సంగతులు కనుక్కో తల్లీ," అంది పెద్దమ్మ. "గెలిచినవాడు అడగగానే వాడి గెలుపు వాడికి ఇచ్చి పంపుతారా? తగువొస్తే తీర్పు ఎవరిది? నార ఉన్నవాడు వస్తే వెనక్కి పంపుతారా? నీ మాట మీదే వెళ్లాలో మానాలో తేల్చుకుంటాం."

బుట్టమ్మ ఈదుకుంటూ దిబ్బకి వెళ్లింది. గంధాలయ్య నీళ్లదాకా ఎదురొచ్చాడు. "రండి బుట్టమ్మగారూ. ఎంత అలిసిపోయారో ఏమో. ముందు భోంచేద్దురుగాని," అన్నాడు. తిన్నావా అని ఒకరు తనని అడిగి ఎన్నాళ్లయిందో! బుట్టమ్మకి కళ్లు చెమర్చాయి. ఆకు వేశారు, వడ్డించారు, కొసరి కొసరి పెట్టారు. తర్వాత గవ్వలు చేతికిచ్చారు. ఆడిన ప్రతిసారీ బుట్టమ్మే గెలిచింది. గెలిచిన వేరుశెనగలు సంచిలో పోసుకుంది.

అప్పుడు పెద్దమ్మ చెప్పిన సంగతులు అడిగింది. గెలుపు ఎప్పుడు ఇస్తారు? ఇవ్వకేం, కాకపోతే కానుక పుచ్చుకున్నవాళ్లు చాలా ఆటలు ఆడాకనే ఇంటికి పట్టుకెళ్లాలన్నాడు గంధాలయ్య. మీకు మాత్రం ఆ పట్టింపు లేదులెండి అన్నాడు. మూలన ఒక ముసలి కుందేలు మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. ఎక్కడో వేరే అడవి నుంచి వచ్చిందట. ఎప్పుడో గెలిచానని, ఇమ్మంటే ఇదిగో అదిగో అంటున్నారని చెప్పింది. తీర్పు ఎవరిదని అడిగితే, నేనుండగా ఇంకొకరెందుకని నవ్వాడు గంధాలయ్య. నార సంగతి అడిగితే మరీ నవ్వాడు. ఆ నార మీ అడవి గొడవ, నీళ్లు దాటాక దానికి విలువేముంది అన్నాడు.

బుట్టమ్మ ముఖం వాడిపోయింది. వెళ్లొస్తానని లేచింది. గంధాలయ్య నీళ్లదాకా సాగనంపి, మెల్లిగా ఒక మాట అన్నాడు.

"మీరు బాగుందని చెప్తే, రోజూ సాయంత్రం అడవంతా మీ ఒడ్డు మీదే ఉంటుంది. తాబేళ్లు వచ్చేదాకా మీ దగ్గరే కూర్చోవాలి కదా. బాగోలేదని చెప్పారనుకోండి, మీ ఒడ్డుకి ఇక ఎవరికి పని?"

దారంతా ఆ మాటే బుట్టమ్మని తొలిచేసింది. చెప్పేస్తానని కొంతసేపు ఈదింది. చెప్తే మళ్లీ పీతలే గతి అనుకుంటూ కొంతసేపు ఈదింది. ఒడ్డు చేరేసరికి జంతువులన్నీ ఇసకలో కూర్చుని ఎదురుచూస్తున్నాయి. మధ్యలో దాని కోసం కాస్త చోటు కూడా ఉంచాయి. ఆ చోటు చూడగానే బుట్టమ్మ గుండె కరిగిపోయింది.

తిండి బాగుందని చెప్పింది. మర్యాద ఇంకా బాగుందని చెప్పింది. గెలిచిన వేరుశెనగలు సంచిలోంచి కుమ్మరించి చూపించింది.

"నేనడగమన్నవి అడిగావా తల్లీ?" అంది పెద్దమ్మ.

"అడిగాను పెద్దమ్మా. అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పారు," అంది బుట్టమ్మ.

చూశారా పిల్లలూ, ఒక్క ముక్క అబద్ధం ఆడలేదు! అడిగిన మాట నిజమే, జవాబు చెప్పిన మాటా నిజమే. ఆ జవాబులేమిటో మాత్రం నోరు దాటలేదు. పెద్దమ్మ నమ్మింది. అడవీ నమ్మింది.

ఆ సాయంత్రం నుంచి ఒడ్డు కళకళలాడిపోయింది. జింకలు, అడవిపందులు, ఉడతలు, అందరూ బుట్టమ్మ చుట్టూ చేరేవాళ్లు. బుట్టమ్మక్కా అని ఒకరు, బుట్టమ్మత్తా అని ఇంకొకరు. చీకటి పడకముందే తాబేళ్లు వచ్చి వాళ్లని తీసుకుపోయేవి. ఒక్కడు మాత్రం వెళ్లకుండా ఇంకాస్త సేపు కూర్చునేవాడు. వాడు సూరన్న అనే ముళ్లపంది. కాలికి మోదుగనార ఉంది. పోయినేడు ఆటలో ఇల్లు గుల్ల చేసుకుని, పెళ్లాం ఏడుపు చూడలేక వెళ్లి కట్టించుకున్నాడు. ఈ ఏడు మాత్రం వానాకాలానికని బొరియ నిండా గడ్డలు దాచాడు. వానలు పడితే వాళ్లుండే పల్లం మునిగిపోతుంది. తవ్వడానికి నేల దొరకదు. ఆ గడ్డలే పిల్లలకి ప్రాణం. వాటి గురించి, పిల్లల గురించి బుట్టమ్మకి ఎన్ని కబుర్లు చెప్పేవాడో! ఆ కబుర్ల కోసమే బుట్టమ్మ పొద్దు వాలడానికి ఎదురుచూసేది.

ఒకరోజు సూరన్న అడిగాడు. "అక్కా, నార ఉన్నవాళ్ల సంగతి అక్కడ నువ్వు అడిగావు కదూ?"

బుట్టమ్మ నీళ్ల వైపు చూసింది. "అడిగాను తమ్ముడూ," అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

అడవిలో పుట్టి పెరిగిన సూరన్నకి, నార చూసి కూడా కూర్చోబెట్టే చోటు ఒకటి ఉంటుందని తోచనే తోచదు. అక్క అడిగిందంటే వాళ్లకి కట్టుబాటు తెలిసినట్టే అనుకున్నాడు. తెలిసినవాళ్లు తనని ఎలాగూ ఆడనివ్వరు, మరి ఊరికే వెళ్లి చూసొస్తే తప్పేముంది అనుకున్నాడు. మర్నాడు తాబేలెక్కి వెళ్లాడు. గంధాలయ్య పేరు పెట్టి పిలిచి, కాలి నార మీద పూలదండ చుట్టి, పీట వేసి కూర్చోబెట్టాడు. అంతే, పాత జబ్బు తిరగబెట్టింది. ఆ పైన సూరన్న ఒడ్డున ఆగడమే మానేశాడు. రోజూ గడ్డలు మూటగట్టుకుని దిబ్బకి పోయేవాడు. బుట్టమ్మ చూస్తూనే ఉండేది. పిలవాలని నోరు తెరిచేది. పిలిస్తే అంతా చెప్పాలి కదా అని మూసుకునేది.

బొరియ ఖాళీ అయిన రోజు సూరన్న గెలిచాడు. పోయినవన్నీ తిరిగి వచ్చేంత గెలుపు. ఇమ్మని అడిగితే గంధాలయ్య, ఇంకా చాలా ఆటలు ఆడాలన్నాడు. ఆడటానికి తన దగ్గర ఏమీ మిగల్లేదని సూరన్న ఏడ్చాడు. తీర్పు చెప్పమని వేడుకున్నాడు. తీర్పు చెప్పేవాడూ గంధాలయ్యే. సూరన్న ఓడినట్టు చెప్పేశాడు.

సంగతి తెలిసి పెద్దమ్మ ఒడ్డుకి వచ్చింది. దిబ్బ మీద తన మాట సాగదు. ఏం చెయ్యలేక బుట్టమ్మ వైపు తిరిగి, ఆ రోజు వాళ్లు చెప్పిన జవాబులేమిటని అడిగింది. బుట్టమ్మ తల దించుకుని అన్నీ చెప్పింది. పెద్దమ్మ తిట్టలేదు. ఆ సాయంత్రమే దిబ్బకి రాకపోకలు మాన్పించింది. జంతువులు ఒక్కొక్కటే ఇసకలోంచి లేచి వెళ్లిపోయాయి. ఒక్కటీ వెళ్లొస్తానని చెప్పలేదు.

బుట్టమ్మ ఆగలేక దిబ్బకి ఈదింది. సూరన్న గడ్డలు ఇచ్చెయ్యమని గంధాలయ్యని బతిమాలింది. వాడు పైనుంచి కిందికి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. తిరిగొచ్చి, సంచి నిండా చేపలు పట్టి సూరన్న బొరియ దాకా ఇసకా ముళ్లూ తొక్కుకుంటూ వెళ్లింది. ముళ్లపందులు చేపలు తినవు కదా. పిల్లలు వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి.

వానలు మొదలయ్యాయి. పల్లంలో తిండి లేక సూరన్న పెళ్లాం పిల్లలతో దూరపు కొండలకి బయల్దేరాడు. అక్కడైనా నాలుగు గడ్డలు దొరుకుతాయేమోనని ఆశ. చిన్నపిల్ల నడవలేక కూలబడుతోంది. దారిలో ఒడ్డు దగ్గర ఆగి బుట్టమ్మని ఒక్కటే అడిగాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే మీరంతా రావడం మానేస్తారని భయం వేసింది తమ్ముడూ," అంది బుట్టమ్మ. "ఒక్కదాన్నే ఉండలేకపోయాను."

సూరన్న చిన్నపిల్ల మీద వాన పడకుండా అడ్డంగా జరిగాడు.

"చెప్పుంటే దిబ్బకి వెళ్లడం మానేవాళ్లం. నీ దగ్గరికి రావడం ఎందుకు మానతాం? ఒక్కదాన్నే ఉన్నాను, వచ్చి కూర్చోండి అని ఒక్కసారి అడిగితే రాకపోదుమా?"

సూరన్న చిన్నపిల్లని లేపి ముందుకి నడిపించాడు. వాళ్లు చెట్ల మధ్యకి వెళ్లిపోయారు. అడవి పక్కనే ఉంది. పిలిస్తే వినబడేంత దూరమే. కానీ రమ్మని అడగడానికి ఇప్పుడు బుట్టమ్మకి ముఖం చెల్లలేదు.

నీతి: ఒక చోటు మంచిదో కాదో చెప్పమని నమ్మి అడిగినవాళ్లకి, అక్కడ చూసిన చెడు కూడా చెప్పాలి. మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే, అది అబద్ధం ఆడినట్టే.